లైకు కొట్టిన వేలు, కథ చదివిన కళ్లు

రాత్రి పదిన్నర. అంట్లు తోమడం అయింది, పాలు తోడుపెట్టడం అయింది, పొద్దుటికి కూరగాయలు తరిగి డబ్బాలో పెట్టడమూ అయింది. ఇల్లంతా సద్దుమణిగాక వంటింట్లోకే ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని ఆమె ఫోను తీసింది. రెండు బొటనవేళ్లతో గబగబా కథ టైపు చేస్తోంది. "ఇంకా ఆ ఫోనేనా?" అని లోపల్నుంచి ఓ కేక. "ఆఁ, వచ్చేస్తున్నా" అంటూనే చివరి పేరా పూర్తిచేసి, గుండె దడదడలాడుతుంటే ఫేస్‌బుక్‌లో పెట్టేసింది. ఇక నిద్రెక్కడ? దుప్పటి కింద ఫోను వెలుగుతూనే ఉంటుంది. ఎంతమంది చూశారో, ఏమన్నారో!

ఇలాంటివాళ్లు మీ వీధిలో ఒకరైనా ఉంటారు. బహుశా మీరే కావచ్చు. కాలేజీ మ్యాగజైనులో కవిత రాసి, పెళ్లితో కలానికి మూత పెట్టేసి, పిల్లలు హైస్కూలుకొచ్చాక మళ్లీ మూత తీసినవాళ్లు మన ఆడవాళ్లలో ఎంతమందో. కాకపోతే ఈసారి కలం బదులు ఫోను.

వెనకటి సంగతి గుర్తుందా? ఠావుకి ఒకవైపే రాయాలి. మార్జిను వదలాలి. ఇది నా సొంత రచన, దేనికీ అనుసరణ కాదని హామీపత్రం జతచేయాలి. తిరుగు స్టాంపులు పెట్టాలి. కవరు పోస్టుడబ్బాలో పడేసి నెలల తరబడి పోస్టుమాను కోసం గుమ్మంలో ఎదురుచూడాలి. ఇది రాస్తున్న చేయి కూడా ఆ పని చేసిందే. నాలుగు నెలల తర్వాత నా దస్తూరీతోనే నా అడ్రసున్న కవరు నా ఇంటికే వచ్చింది. కథ ఎందుకు నచ్చలేదో ఒక్క ముక్క లేదు. ఆ ఉక్రోషం చాలాకాలమే ఉండింది. తర్వాత బల్లకి ఇటువైపు కూర్చున్నాక కదా తెలిసింది, వచ్చే కథలు గోనెసంచికి సరిపడా, ఉన్న పేజీలు నాలుగని!

ఇప్పుడా బల్లే లేదు. రాసిన మరుక్షణం అచ్చు. అడిగేవారు లేరు, ఆపేవారు లేరు. ఇది చిన్న విషయమేం కాదు. 1902లో 'హిందూ సుందరి' పత్రిక మొదలైతే, గడప దాటని ఇల్లాళ్ల రాతలు ఊళ్లు దాటాయి. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' కథ ఆ ఏడే అందులో వచ్చింది. అప్పట్లో ఆ అవకాశం అక్షరం వచ్చిన కొద్దిమందికే. ఇవాళ ఫోను ఉండి, నెట్‌కార్డు వేయించుకోగలిగిన ప్రతి ఆడపిల్లకీ అది అందింది. సంతోషించాల్సిందే.

అయితే ఒక మాట. పత్రిక కథతో పాటు ఇంకోటి కూడా ఇచ్చేది, పాఠకుల్ని. 1960లలో యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వస్తుంటే ఆడవాళ్లు ఎదురుచూసి చదివారు. ఆ ఎదురుచూపులో సగం రచయిత్రి సంపాదించుకున్నదైతే, సగం పత్రిక చేసిపెట్టిన అలవాటు. ఫలానా రోజుకి పుస్తకం ఇంటికొస్తుంది, ఒకరి చేతినుంచి ఇంకొకరి చేతికి వెళ్తుంది. ఫేస్‌బుక్ మీకు పేజీ ఇస్తుందే కానీ ఆ అలవాటు ఇవ్వదు. అచ్చు వేయడం ఉచితమైపోయింది, చదివించుకోవడం మాత్రం ముందుకన్నా కష్టమైంది. కొత్తగా రాస్తున్నవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

మొదట వచ్చేవాళ్లు ఎవరు? మేనత్త కూతురు, ఆడపడుచు, పాత క్లాస్‌మేట్లు, అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపు. పదినిమిషాలు పట్టే కథకి అరనిమిషంలో "సూపర్ అక్కా" అని వస్తుంది. పాపం ప్రేమే, కాదనం. కానీ వాళ్లు మిమ్మల్ని చూసి లైకు కొట్టారు, కథని చూసి కాదు. మాకు తెలిసిన ఒకావిడ పోస్టుకి వందల్లో లైకులు వచ్చేవి. ఆ ధైర్యంతో సొంత డబ్బుతో కథల పుస్తకం వేసింది. కొన్నవాళ్లు నలభైమంది కూడా లేరు. మిగతావి ఇప్పటికీ అటక మీద అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. ఆమె కథలు బాగోక కాదు. లైకుల సంఖ్యని పాఠకుల సంఖ్య అనుకుంది, అంతే.

మరి పాఠకురాలిని గుర్తుపట్టడం ఎలా? ఆమె వ్యాఖ్యలో మీ పాత్ర పేరుంటుంది. "సరోజ ఆ గాజులు ఎందుకు తిరిగిచ్చేసింది? నేనైతే ఇవ్వను" అని తగవు పెట్టుకుంటుంది. తర్వాతి భాగం ఆలస్యమైతే అడుగుతుంది. అలాంటివాళ్లు పదిమంది దొరికితే మీరు పని మొదలుపెట్టినట్టు. వాళ్లకి జవాబివ్వండి. ఉత్త "థాంక్యూ" కాదు, వాళ్లడిగినదానికి జవాబు. ఈ పని పత్రికలో సీరియల్ రాసేవాళ్లకి ఉత్తరాల ద్వారా నెలకోసారి జరిగేది, మీకు ఆ రాత్రే జరుగుతోంది. వాడుకోకపోతే ఎలా?

ఇక రోజుకు మూడు పోస్టులు పెట్టి అలిసిపోయేకన్నా వారానికి ఒకరోజు, ఒకే వేళకి పెట్టడం మేలు. బెంగళూరు నుంచి నడిచే 'ప్రతిలిపి'లో ధారావాహికలు చదివేవాళ్లలో చాలామంది రాబోయే భాగం కోసమే వస్తారు, పాత వారపత్రిక సూత్రమే అది. ఫోనులో మొదటి రెండు మూడు వాక్యాలే కనిపించి, మిగతాది 'ఇంకా చూడండి' వెనక దాక్కుంటుంది. కాబట్టి సూర్యోదయ వర్ణనతో మొదలుపెట్టకండి. అన్నట్టు, మీ ఊరి మాట తగ్గించుకోవద్దు. శ్రీకాకుళం యాసలో, పాలమూరు మాటలో, కడప పలుకుబడిలో రాస్తే "ఈ మాటకు అర్థమేంటండీ?" అని ఎక్కడో డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న తెలుగావిడ అడుగుతుంది. ఇంకొకరు "మా అమ్మమ్మ ఈ మాట అనేది" అంటారు. అలా మొదలైన సంభాషణ ఏ ప్రకటనకీ దొరకదు.

ఆడవాళ్లకి బాగా తెలియాల్సిన ఉదాహరణ రూపీ కౌర్‌ది. పంజాబులో పుట్టి కెనడాలో పెరిగిన అమ్మాయి. చిన్న చిన్న కవితలకి తనే బొమ్మలు గీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేది. 2014లో 'మిల్క్ అండ్ హనీ' అనే పుస్తకాన్ని సొంతంగా అచ్చు వేసుకుంది. మర్నాటి ఏడాదే ఒక పెద్ద ప్రచురణ సంస్థ దాన్ని తీసుకుంది, లక్షల్లో ప్రతులు అమ్ముడయ్యాయి. మధ్యలో, 2015 మార్చిలో, బహిష్టు మరక కనిపించే తన ఫొటోను ఇన్‌స్టాగ్రామ్ తొలగిస్తే ఊరుకోకుండా నిలదీసింది. వాళ్లు ఫొటో తిరిగి పెట్టారు. ఆ గొడవతో ఆమె పేరు ప్రపంచమంతా తెలిసింది. నిజమే. కానీ అంతకుముందు ఏళ్ల తరబడి చిన్న చిన్న సభల్లో మైకు ముందు నిలబడి కవితలు చదివిందన్న సంగతి ఎవరూ చెప్పుకోరు. ఎదురుగా ఉన్నవాళ్లు ఎక్కడ కదిలిపోతున్నారో, ఎక్కడ ఆవలిస్తున్నారో చూసి నేర్చుకున్నాకే ఆమె ఫోనులోకి వచ్చింది. ఆ కవిత్వం మనకు నచ్చాలని లేదు. మాకైతే కొన్ని మరీ పలచగా అనిపించాయి. దారి మాత్రం చూడదగ్గది.

ఇంకో సంగతి. అమెరికా రచయిత్రి కొలీన్ హూవర్ 'ఇట్ ఎండ్స్ విత్ అస్' నవల 2016లో వస్తే, ఐదేళ్ల తర్వాత టిక్‌టాక్‌లో పాఠకురాళ్లు ఏడుస్తూ, మెచ్చుకుంటూ వీడియోలు పెట్టడంతో మళ్లీ అమ్మకాల పట్టికల పైకి ఎక్కింది. అక్కడ ప్రచారం చేసింది ప్రధానంగా పాఠకులే. అదే టిక్‌టాక్ మన దేశంలో ఏమైంది? 2020 జూన్ 29న నిషేధించారు. ఎంతో కష్టపడి అభిమానుల్ని కూడగట్టుకున్న మన పల్లెటూరి ఆడపిల్లలు తెల్లారేసరికి ఉత్త చేతులతో మిగిలారు. అద్దింట్లో గోడకి ఎన్ని రంగులేసినా ఇల్లు మనది కాదు కదా. అందుకని రాసిన ప్రతిదీ వేరే చోట దాచుకోండి. మెయిల్లో పెట్టుకుంటారో, నోటుపుస్తకంలో రాసుకుంటారో మీ ఇష్టం. మనసుపెట్టి చదివే ఆ పాతికమంది చిరునామాలు, ఫోను నంబర్లు వాళ్ల అనుమతితో విడిగా రాసిపెట్టుకోండి. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ జాబితా ఉంటుంది కానీ, మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. ఆ సంగతి తెలియక "ఎవరూ చదవట్లేదు" అని బాధపడేవాళ్లున్నారు.

దాచుకోవడం అంటే ఇంకొకటి కూడా. మంచి కథని వెంటనే ఫేస్‌బుక్‌లో పెట్టేస్తే, ఆనక పోటీకి పంపలేరు. కథల పోటీల ప్రకటనలు జాగ్రత్తగా చదవండి. "సామాజిక మాధ్యమాలతో సహా ఎక్కడా ప్రచురితమై ఉండరాదు" అని చాలావాటిలో ఉంటుంది. పోటీకి పనికొచ్చే కథని పెట్టెలోనే ఉంచి, చిన్నవి, జ్ఞాపకాలు, పాత్రల ముచ్చట్లు బయట పెట్టుకోవచ్చు.

దొంగతనాల సంగతి చెప్పకపోతే ఈ ముచ్చట పూర్తికాదు. పొద్దున పెట్టిన కథ సాయంత్రానికి పేరు ఎగిరిపోయి పదిగ్రూపుల్లో తిరుగుతుంది. ఇంకెవరో గొంతిచ్చి యూట్యూబ్‌లో పెట్టేస్తారు, కింద రచయిత్రి పేరు ఉండదు. "పోనీలే, నలుగురికీ చేరింది కదా" అని మన ఆడవాళ్లే సర్దుకుంటారు. ఎందుకు సర్దుకోవాలండీ? 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం కథ రాసిన క్షణం నుంచే హక్కు మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. హక్కు ఇంకొకరికి రాసివ్వాలంటే అది కాగితం మీద, మీ సంతకంతో జరగాలి. అందులో ఎన్నేళ్లో రాయకపోతే ఐదేళ్లకే చెల్లుతుంది. ఎవరైనా "మీ కథ చదివి వినిపిస్తాం" అంటే సంతోషమే. పేరు వేస్తారా, డబ్బు వస్తే ఎంతిస్తారు అని అడగడానికి మొహమాటపడొద్దు. బజార్లో వంకాయల దగ్గర గీచిగీచి బేరమాడే మనం కథ దగ్గరకొచ్చేసరికి మూగవాళ్లమైపోతాం!

ఇంట్లోవాళ్లు కూడా చదువుతారని మరిచిపోవద్దు. కథలో అత్తగారు వచ్చిందంటే "అది నేనేనా?" అని ఇంట్లో రెండురోజులు మాటలుండవు. కలంపేరు పెట్టుకున్న రచయిత్రుల్ని పిరికివాళ్లని వెక్కిరించేవాళ్లకి ఈ బాధ తెలియదు. ఇక ఇన్‌బాక్సు. అదే వేదిక మీద రాసే మగవాడికి "బాగుంది సార్" అని వస్తే, ఆడవాళ్లకి దాంతోపాటు "హాయ్ డియర్, తిన్నారా?" కూడా వస్తుంది. ప్రేమ గురించి రాసిందంటే చాలు, ఆమె జీవితమే అనుకుని అర్ధరాత్రి మెసేజీలు. పాఠకుల కోసం మగవాళ్లు కట్టని పన్ను ఇది. బ్లాకు చేయడానికి ఆలోచించకండి, ఒక పాఠకుడు తగ్గితే కొంపేం మునగదు. వద్దన్నా వెంటపడితే స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకుని పోలీసులకు చెప్పండి. వెంటపడి వేధించడం భారతీయ న్యాయసంహిత 78వ సెక్షను కింద నేరం.

అన్నిటికన్నా మమ్మల్ని కలవరపెట్టేది వేరే ఉంది. కన్నీళ్ల కథకి లైకులు ఎక్కువొచ్చాయని మళ్లీ కన్నీళ్ల కథే, ఆ తర్వాతా అదే. ఏడాది తిరిగేసరికి బాగా రాసే చేయి కూడా ఒకే మూసలో పడిపోతోంది. ఇదివరకు సంపాదకుడికి నచ్చేలా రాయాలన్న భయం ఉండేది, ఇప్పుడు బొటనవేలి గుర్తుకి నచ్చేలా రాయాలన్న భయం వచ్చి కూర్చుంది. నెలకొక్క కథైనా ఎవరికీ చూపించకుండా, ఎవరి మెప్పూ అడగకుండా రాసుకుంటే నష్టమేం లేదు.

మొదట చెప్పుకున్న ఆవిడ సంగతి. కథకి ఆ రాత్రి వచ్చిన లైకులు పదకొండు. అందులో తొమ్మిది చుట్టాలవే. పొద్దున్నే ఇడ్లీపిండి రుబ్బుతూ చూస్తే, ముఖం తెలియని ఒకామె ఆదిలాబాదు నుంచి ఒకే వాక్యం రాసింది: "ఆ పిల్ల బస్సెక్కిందా లేదా, చెప్పకుండా ఆపేశారేంటి?"

గ్రైండరు కట్టేసి ఆవిడ ఫోను తీసుకుంది.