పుర్రె లేని మృత్యువు

మృత్యువును చిత్రంలో చూపాలంటే పుర్రె ఉండి తీరాలన్నట్టు ఉంటుంది 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుల వరస. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న హార్మెన్ స్టీన్‌విక్ చిత్రమే తీసుకోండి. 1640 ప్రాంతంలో వేశాడు. బల్ల మీద పుర్రె, గడియారం, ఆరిన దీపం. పక్కనే పుస్తకాలు, వాద్యాలు, పెద్ద శంఖం, జపాన్ కత్తి. చదువూ సంగీతమూ సంపదా ఏవీ వెంట రావని చెప్పడం ఉద్దేశం. కానీ సముద్రాలు దాటి వచ్చిన ఆ శంఖం, ఆ కత్తి ఆనాడు కలిగినవాళ్ల ఇళ్లకే చేరేవి. వాటి నిగనిగను ఎంత మురిపెంగా దిద్దాడో చూస్తే వైరాగ్యం కన్నా మోజే ముందు పుడుతుంది. పుర్రె అంటారా, అది ఎవరిదో తెలియదు. ఊరూ పేరూ లేని చావు చూసి ఎవరు ఉలిక్కిపడతారు?

అంతకు రెండు దశాబ్దాల ముందే, 1618లో, ఏ సంకేతమూ అక్కర్లేని చిత్రం మొఘల్ కొలువులో పుట్టింది. జహంగీర్ ఆంతరంగికుల్లో ఒకడైన ఇనాయత్ ఖాన్ నల్లమందుకూ మద్యానికీ బానిసై శల్యమైపోయాడు. అతన్ని పల్లకీలో తీసుకొస్తే పాదుషా నివ్వెరపోయి, చిత్రకారులను పిలిచి బొమ్మ గీయించాడు. మర్నాడే ఖాన్ కన్నుమూశాడు. ఈ సంగతి జహంగీరే తన స్వీయచరిత్రలో రాసుకున్నాడు. రేఖాచిత్రం బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో, రంగుల చిత్రం ఆక్స్‌ఫర్డ్ బాడ్లియన్ గ్రంథాలయంలో ఉన్నాయి. తెరుచుకున్న అంగీలోంచి పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. వెనక ఉబ్బుగా బాలీసులు; వాటి ముందు మనిషి పుల్లలా ఉన్నాడు.

చావుబతుకుల్లో ఉన్నవాడి ముందు కుంచెతో కూర్చోవడం క్రూరం కాదా అంటారు. పాదుషా కుతూహలంలో ఆ పాలు ఉంది, కాదనను. అరుదైన జంతువులనూ పక్షులనూ కొలువు చిత్రకారుడు మన్సూర్ చేత గీయించిన మనిషే ఆయన. అయితే ఆజ్ఞ వేరు, చిత్రకారుడి చెయ్యి వేరు. ఆ ముఖాన్ని వింతజంతువులా కాదు, ఫలానా మనిషిలా గీశాడు. అందులో వెక్కిరింత లేదు, ఓదార్పూ లేదు. బాలీసులు మాత్రం సంకేతాలు కావా అన్నది ఇంకాస్త గట్టి ప్రశ్న. కావచ్చు. కానీ అవి లేకపోతే ఖాన్ కూర్చోలేడు. పుర్రెను బల్ల మీద పెట్టింది నీతి చెప్పడానికి, బాలీసును వీపు కింద పెట్టింది నొప్పి ఓర్చుకోలేక. మొదటిదాని అర్థం ఎవరో విప్పిచెప్పాలి, రెండోది రోగి పక్కన ఒక్క రాత్రి మేలుకున్నవాళ్లకు తెలిసిందే.