ఇంటి ఫ్రిజ్‌లో పరిశోధన

మా తమ్ముడి కూతురు డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతోంది. కాలేజీలో ప్రాజెక్టు ఇచ్చారట, మొన్న ఆదివారం ఓ కాగితం పట్టుకొచ్చింది. పైన పెద్దక్షరాలతో ‘హెచ్‌ఐవీ - ఎయిడ్స్’. కింద వరసగా నిర్వచనం, చరిత్ర, వ్యాపించే మార్గాలు, లక్షణాలు, నివారణ, ముగింపు.

“ఇందులో నీకు తెలియంది ఏముందే?” అన్నాను.

“అన్నీ నెట్‌లో ఉన్నాయి పెదనాన్నా.”

అదే వచ్చిన చిక్కు. అది పది మార్కుల ప్రశ్నకు జవాబు. పరిశోధనకైతే ముందు ప్రశ్న పుట్టాలి.

అసలు మన దేశంలో హెచ్‌ఐవీ ఉందని బయటపడిందే ఓ విద్యార్థిని ప్రాజెక్టు వల్ల. మద్రాసు మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ పీజీ చేస్తున్న సెల్లప్పన్ నిర్మలకు ప్రొఫెసర్ సునీతి సోలొమన్ ఆ అంశం సూచించారు. అది అమెరికా జబ్బు, మనకెందుకొస్తుందన్న ధీమాలో దేశమంతా ఉన్న రోజులవి. నిర్మల వెనకాడితే ధైర్యం చెప్పింది భర్త. సెక్స్‌వర్కర్లను ఉంచిన ప్రభుత్వ గృహానికి వెళ్లి, చేతులకు గ్లవుజులైనా లేకుండా ఆవిడ రక్తం తీశారు. సీరం వేరుచేసి సొంత ఇంటి ఫ్రిజ్‌లో దాచారు. ఆ ఫ్రిజ్‌లో పక్కన ఇంకేమున్నాయో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. 1986 ఫిబ్రవరిలో వెల్లూరు సీఎంసీ ఆసుపత్రికి మోసుకెళ్లి ఎలైసా పరీక్ష చేస్తే ఆరు నమూనాలు పసుపు రంగు తిరిగాయి, అంటే వైరస్ ఉన్నట్టు. అమెరికా పంపి మళ్లీ చేయించినా అదే ఫలితం. ఆవిడ వేసుకున్న ప్రశ్న ఎంతటిదని? ఈ వైరస్ మా దగ్గర ఉందా, లేదా? అంతే.

చెప్పడం పూర్తికాకుండానే మా పిల్ల అడ్డుకుంది. “అది ఏ పరీక్షో ఆ ఆడవాళ్లకు చెప్పారా?”

చెప్పలేదు. సుఖరోగాల పరీక్ష అనుకున్నారు వాళ్లు. ఈ సంగతి తర్వాతెప్పుడో నిర్మలే చెప్పారు. ఇవాళైతే కుదరదు. 2017లో వచ్చిన చట్టం ప్రకారం మనిషికి వివరంగా చెప్పి, సరేనన్నాకే హెచ్‌ఐవీ పరీక్ష చేయాలి. ఫలానా వారికి ఉందని బయటపెట్టడం కూడా నేరమే. కాగితం మీద మూడో వరసలో ఎక్కడో పడాల్సిన ఈ మాట మా పిల్ల మొదటే అడిగినందుకు మురిసిపోయాను.

ఆ మురిపెం ఎంతోసేపు నిలవలేదు. హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటరుకెళ్లి పేషంట్లను ఇంటర్వ్యూ చేస్తానంది. ఊళ్లో సెంటరున్నా ఎవరి కంటా పడకూడదని పరాయి ఊరి బస్సెక్కి వెళ్లి మందులు తెచ్చుకునేవాళ్లుంటారు. అక్కడ వాళ్లు క్యూలో నిలబడితే, ఎదురుగా నువ్వు పెన్నూ పుస్తకం పట్టుకుని నిలబడతావా అని గట్టిగానే కసిరాను.

మనుషులను కదపకుండా చేయగలిగే పని ఒకటుంది. పాత పత్రికలు. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వాసుపత్రుల్లో ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలైంది. దానికి ముందటి రెండు మూడేళ్లు, తర్వాతి రెండు మూడేళ్లు, ప్రపంచ ఎయిడ్స్ దినమైన డిసెంబరు 1 చుట్టుపక్కల రోజుల పేపర్లు తిరగేయమన్నాను. ఎయిడ్స్ ప్రచారానికి పెట్టిన పులిరాజా హోర్డింగుల కాలం అన్నమాట. ఆ పేరే వినలేదట! వైరస్ ఉన్న మనిషిని పత్రిక ఏమని పిలిచింది? మందు గురించి ఎన్ని వాక్యాలు రాసింది? పేరూ ఊరూ వేసిందా? మందు వచ్చాక మాట మారిందా?

మారి ఉంటుందని నా ఆశ. పత్రికలో పనిచేసిన రోజుల్లో మేం రాసిన రాతలు నాకు తెలుసు. కాటు, కోరలు, బలి, మహమ్మారి అంటూ పాముకూ దెయ్యానికీ వాడే మాటలన్నీ తెచ్చి ఓ వైరస్‌కు తగిలించాం. ‘ఎయిడ్స్ కాటుకు దంపతుల బలి’ అని సింగిల్ కాలమ్ వార్తకు హెడ్డింగు పెట్టింది నేనే. లోపల ఇంటిపేరుతో సహా ఊరు ఉంది. వాళ్లకో చిన్నపిల్ల ఉందని చివరి వాక్యం. ఆ పిల్ల బడి ఏమైందో మేమెవరమూ కనుక్కోలేదు.

“లైబ్రరీలో అది దొరికితే రాయొచ్చా?” అంది.

డెస్కు వార్తలకు రాసినవాళ్ల పేర్లుండవని తప్పించుకోబోయాను. తేదీ గుర్తులేదు కానీ, ఏ పేజీలో ఏ మూలన వచ్చిందో చెప్పాను. ఇంటిపేరు మాత్రం దించుకోవద్దన్నాను.