కౌన్సెలింగ్‌కు వెళ్తే విశ్వాసం తగ్గినట్టా?



క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ వంటి పేగు జబ్బులు ఏళ్ల తరబడి వదలవు. ఆరాధన మధ్యలో బాత్రూముకు పరుగెత్తాల్సి వస్తుందేమోనని కొందరు మందిరానికే రావడం మానేస్తారు. అలాంటివారికి "ఇంకా విశ్వాసంతో ప్రార్థించండి" అని మాత్రమే చెప్పి పంపాము. అది మా తప్పు.

కౌన్సెలింగ్ పేగులో పుండును మాన్పదు, మందులు మానకూడదు. కానీ ఆ భయాన్ని, దిగులును ఎదుర్కోవడం నేర్పుతుంది. బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయాను దేవుడు గద్దించలేదు. నిద్రపోనిచ్చి, రొట్టె, నీళ్లు పంపాడు. కౌన్సెలర్ సాయం కూడా అలాంటి రొట్టెముక్కే.

టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, అది ఉచితం. మీ కోసం ప్రార్థన ఆపము. తలుపు దగ్గర చోటు కూడా ఉంచుతాము. మధ్యలో లేచినవారిని, సంఘమా, తిరిగి చూడకండి.