‘పోలీసెందుకు, మనమే మాట్లాడుకుందాం’ అనేటోళ్లకు

పోస్టు జర పెద్దగనే ఉంటది. నేను చదివింది పదో తరగతి, రాతల తప్పులుంటే సర్దుకోండి. కానీ మొత్తం చదవండి. దుబాయ్, షార్జా, అబుదాబిల రెంటు కారు తీసుకునేటోళ్లు రెండుసార్లు చదవండి.

మొన్న మా క్యాంపుల మళ్ల అదే మాట విన్న. ఒక పిలగాడు రెంటు కారు ఎనుకకు తీస్తుంటే పార్కింగుల పక్క బండికి తాకింది. చుట్టూ నిలబడ్డ సీనియర్లు సలహా ఇచ్చిండ్రు. "పోలీసెందుకురా, వానికో మూడొందలు ఇయ్యి, ఖల్లివల్లి." నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే రెండేండ్ల కింద ఇదే మాట నేను చెప్పిన. ఆ మాట ఖరీదు ఎంతో నాకు తెలుసు.

అప్పుడు మా రూము పిలగాండ్లు నలుగురు సెలవు రోజు కారు రెంటుకు తీసుకొని ఖోర్‌ఫక్కాన్ పోయిండ్రు. నలుగుర్ల ఒక్కనికే ఇక్కడి లైసెన్సు ఉంది. కాంట్రాక్టు అతని పేరు మీదనే. వచ్చేటప్పుడు రాత్రి అతనికి నిద్ర ముంచుకొచ్చింది. ఇంకో పిలగాడు "నేను ఊర్ల డీసీఎం నడిపినోన్ని, ఇటు ఇయ్యి" అని స్టీరింగు పట్టిండు. షార్జాల రౌండబౌట్ కాడ ముందున్న పికప్‌కు ఎనుక నుంచి గుద్దిండు. ఎవ్వరికీ దెబ్బ తాకలే. పికప్ లైటు పగిలింది, కారు ముందు బంపర్, బానెట్ వంగినయ్.

రాత్రి పదకొండుకు నాకు ఫోను. "అన్నా, ఏం చేద్దాం?" నేను పెద్దమనిషి లెక్క చెప్పిన: "ఐదొందలు చేతుల పెట్టి పంపియ్యుండ్రి. పోలీసొస్తే లైసెన్సు లేని సంగతి బయటపడ్తది." వాళ్లు అట్లనే చేసిండ్రు. ఆ డ్రైవరు పైసలు తీసుకొని, నంబర్ ప్లేటు ఫోటో తీసుకొని పోయిండు.

తెల్లారి రెంటు ఆఫీసుల అడిగిన మొదటి మాట: "పోలీసు రిపోర్ట్ ఏది?" లేదు. రిపోర్ట్ లేకపోతే ఇన్సూరెన్సు పైసా ఇయ్యదు. ఇక్కడ దెబ్బ తిన్న బండిని పోలీసు కాయితం లేకుండా గ్యారేజోడు ముట్టుకోవద్దని కూడా రూలు. బిల్లు చేసిండ్రు: రిపేరు, బండి నిలబడ్డ రోజుల కిరాయి, అన్నీ కలిపి 6,800 దిర్హమ్‌లు. డిపాజిట్ కింద పిలగాని పాస్‌పోర్టు వాళ్ల దగ్గరనే ఉంది. కట్టేదాక ఇయ్యమన్నరు.

అంతటితోని అయిపోలే. పికప్ కంపెనీ వాళ్లు, బండి గుద్ది పారిపోయిండ్రని కంప్లైంట్ ఇచ్చిండ్రు. ఐదొందలు ఇచ్చినట్టు మా దగ్గర రాత లేదు, సాక్షి లేడు. స్టేషన్‌కు ఎవరు పోవాలె? కాంట్రాక్టు ఎవరి పేరు మీద ఉందో ఆ పిలగాడు. నడిపినోడు తర్వాతి నెల సెలవు మీద ఊరికి పోయి మళ్ల రాలే.

ఆ పిలగాని చెల్లె పెండ్లికి టికెట్ తీసి పెట్టుకున్నడు. పాస్‌పోర్టు లేదు, పైసల్లేవు, టికెట్ పోయింది. పెండ్లి మొత్తం పైమంచం మీద పండుకొని వీడియో కాల్‌ల చూసిండు. అప్పగింతల కాడికి వచ్చేసరికి ఫోను నా చేతుల పెట్టి బయటికి పోయిండు. ఆ తల్లి ఫోన్ల నన్ను చూసి "కొడుకా, మావోడు తిన్నడా?" అని అడిగింది. ఏం చెప్పాలె నేను? బిల్లుల 1,500 నేను కట్టిన. అది దానం కాదు, నా నోటికి పడ్డ ముఖాలఫా.

ఇప్పుడు చెప్పండి. మన సైటుల మేకు కాలుకు గుచ్చుకుంటే ఏం చేస్తం? పని ఆపుతం, ఫోటో తీస్తం, సేఫ్టీ ఆఫీసర్‌ను పిలుస్తం, రిపోర్ట్ రాస్తం. పైపు జారి ఎవ్వరికీ తాకకుండ కింద పడ్డా ‘నియర్ మిస్’ అని రాస్తం. మేకుకు రిపోర్ట్ రాసేటోళ్లం, రోడ్డు మీద లక్ష రూపాయల నష్టానికి మాత్రం నోటిమాట మీద చేతులు కలుపుకొని పోతం. ఇదేం తెలివి?

"పోలీసొస్తే ఫైను పడ్తది" అంటరు. పడ్తది. తప్పు మనదైతే ఫైను మనదే. కానీ ఆ కాయితం ఉంటే ఎదుటి బండి నష్టం ఇన్సూరెన్సు చూస్తది, నీ మీద పడేది మామూలుగ కాంట్రాక్టుల ‘ఎక్సెస్’ అని రాసినంతనే. తప్పు ఎదుటోనిదైతే ఆ కాయితమే నిన్ను కాపాడ్తది. కాయితం లేకపోతే తప్పు ఎవనిదైనా బిల్లు నీదే.

"మనకు అరబ్బీ రాదు, ఇంగ్లీషు రాదు" అంటరు. ఇక్కడి పోలీసుల్ల హిందీ, ఉర్దూ అర్థమయ్యేటోళ్లు మస్తు మంది ఉన్నరు. మాట రాకున్నా ఫోటో మాట్లాడ్తది.

"లైసెన్సు లేనోడు నడిపిండు కదా, ఎట్ల పిలవాలె?" ఇది అసలు ప్రశ్న. దీనికి జవాబు యాక్సిడెంట్ అయినంక లేదు, తాళం చేతులు మారక ముందే ఉంది. రెసిడెన్స్ వీసా మీద ఉన్నోడు మన ఊరి లైసెన్సుతోని ఇక్కడ బండి నడపొద్దు. కాంట్రాక్టుల పేరు లేనోడు, లైసెన్సు ఉన్నా నడపొద్దు. ఇంకో డ్రైవర్ పేరు కావాలంటే ముందే రాయించుకోవాలె. నిద్రొస్తే బండి పక్కకు పెట్టి పండుకో. దోస్తానికి తాళం ఇస్తే, నీ బతుకు తాళం ఇచ్చినట్టే.

ఇక యాక్సిడెంట్ అయితే చేయాల్సింది ఇది. ఫోన్ల దాచుకోండి.

1. బండి ఆపు. పారిపోకు. ఎవరికన్నా దెబ్బ తాకితే 999 పోలీసు, 998 అంబులెన్సు. దెబ్బ తాకినోన్ని నీ అంతట నువ్వు లేపి కారుల వేయకు. 2025 మార్చి 29 నుంచి కొత్త ట్రాఫిక్ చట్టం వచ్చింది. మనిషికి దెబ్బ తాకినంక ఆగకుండ పోతే రెండేండ్ల దాక జైలు, 50,000 నుంచి లక్ష దిర్హమ్‌ల దాక జరిమానా, లేదా ఈ రెండిట్ల ఏదో ఒకటి. లెక్క వేసుకోండి, మన ఎన్నేండ్ల జీతమో.

2. దెబ్బలు లేకుంటే ముందు ఫోటోలు తియ్యి. రెండు బండ్లు, నంబర్ ప్లేట్లు, రోడ్డు మీద గీతలు, తాకిన జాగ. తర్వాత బండి పక్కకు తియ్యి. హజార్డ్ లైట్లు వేసి, ట్రయాంగిల్ పెట్టు.

3. చిన్న యాక్సిడెంట్ అయితే దుబాయ్‌ల పోలీసు యాప్‌లనే రిపోర్ట్ పెట్టొచ్చు. షార్జాల ‘రాఫిద్’ వాళ్లు, అబుదాబిల ‘సాయిద్’ వాళ్లు వస్తరు. ఏదీ తెల్వకపోతే 999 కొట్టు.

4. నడిపినోని జాగల ఇంకొకన్ని కూసోబెట్టకు. అబద్ధం పట్టుబడితే చిన్న కేసు పెద్దదయితది.

5. రిపోర్ట్ చేతికొచ్చినంక నీ పేరు, బండి నంబరు సరిగున్నయా చూసుకో. తప్పు నీది కాకపోతే పచ్చ కాయితం, నీదైతే ఎర్ర కాయితం అంటరు. అదే టైముల రెంటు ఆఫీసుకు ఫోను చెయ్యి, వాట్సాప్‌ల ఫోటోలు కూడా పెట్టు. నోటిమాట తెల్లారేసరికి మారుతది, మెసేజ్ మారదు.

6. ఖాళీ కాయితం మీద, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టకు. గ్యారేజి బిల్లు అడుగు. కట్టిన ప్రతి దిర్హమ్‌కు రసీదు తీసుకో.

కారు తీసుకునే రోజే ఇంకో పని. చుట్టూ వీడియో తియ్యి. ఎక్సెస్ ఎంతో అడుగు. టైర్లు, అద్దాలు, కింది భాగం చాలా కాంట్రాక్టులల్ల ఇన్సూరెన్సులకు రావు, అడిగి తెలుసుకో.

రెంటు ఆఫీసుల కూసున్న మనోళ్లకు కూడా ఒక మాట. "మన తెలుగోడే కదా" అని పిలగాండ్లు మీ దగ్గరికొస్తరు. మీరు చేస్తున్నది ఏంది? కాపీ సరిపోయే కాడ పాస్‌పోర్టు గుంజుకుంటున్నరు. పాస్‌పోర్టు ఆ పిలగానిది కూడా కాదు, భారత ప్రభుత్వం ఆస్తి. అది జామీను వస్తువు కాదు. తమ్ముళ్లారా, పాస్‌పోర్టు అడిగే ఆఫీసుల కారు తీసుకోకండి, లేచి రండి. ఎవరన్నా ఇయ్యకుండ సతాయిస్తే పోలీసుకు చెప్పండి, లేకుంటే మన కాన్సులేట్ వాళ్ల సహాయ కేంద్రం ఉంది, అక్కడ అడగండి.

ఆఖరుకు నాలెక్క ఉన్న సూపర్‌వైజర్లకు, ఫోర్‌మన్లకు, రూము పెద్దలకు. రాత్రి పదకొండుకు పిలగాండ్లు మనకు ఫోను చేసేది మనకు అన్నీ తెలుసని కాదు, వాళ్లకు ఇక్కడ ఇంకెవ్వరూ లేరని. ఆ టైముల ధైర్యం చెప్పండి, అడ్డదారి చెప్పకండి. "999 కొట్టు, నేనొస్తున్న" అనండి. అన్నంక పోండి.

నేను ఆ రాత్రి పోలే. తెల్లారి డ్యూటీ ఉందని పండుకున్న.