వంటింటి కబుర్లు: ఈల వెయ్యని కుక్కరూ, పుట్టగొడుగుల పులుసూ

పుట్టగొడుగులనే మాట యెత్తగానే మన యిళ్ళల్లో రెండు రకాల మొహాలు కనిపిస్తాయి. తొలకరి వానలకి చెదపుట్టల పక్కన లేచిన గొడుగుల్ని గంపలో ఏరుకొచ్చి, అల్లం, కారం మెండుగా వేసి వండిన కూర జ్ఞాపకం వచ్చి నోరూరేవారు ఒకరు. “అబ్బే, అవీ ఒక తినే వస్తువేనా!” అని ముక్కు చిట్లించేవారు మరొకరు. రెండోవారిని చూసి నవ్వనక్కర లేదు. మనుస్మృతి అయిదో అధ్యాయంలో వెల్లుల్లి, నీరుల్లితోపాటు పుట్టగొడుగుల్ని కూడా తినకూడని వాటిలోనే చేర్చారు. నీరుల్లి ఎప్పుడో మన వంటింట్లో పీట వేసుకు కూర్చున్నది గాని, పుట్టగొడుగు మాత్రం మొన్న మొన్నటి దాకా చాలా యిళ్ళల్లో గుమ్మం బయటే నిలబడివున్నది.

ఇప్పుడు రోజులు మారాయి. కూరగాయల దుకాణంలో బటన్ పుట్టగొడుగులు పొట్లాల్లో దొరుకుతున్నాయి. చల్లదనం కోరే ఆ బటన్ రకమే కాక, మన వేడిని ఓర్చుకునే పాల పుట్టగొడుగుల్ని కూడా పెంచుతున్నారు. హిమాచల ప్రదేశ్‌లోని సోలన్‌లో వీటి పరిశోధన కోసం ప్రత్యేకంగా ఒక జాతీయ సంస్థే వున్నది. మరో పక్క కరెంటు మీద పనిచేసే ప్రెషర్ కుక్కర్లు యింటింటికీ వస్తున్నాయి. ఈ రెండూ కలిసిన చోట పుట్టిన సందేహాలే నాకు వుత్తరాలుగా వస్తున్నాయి. ఒక్కొక్కటే చెప్పుకుందాం.

ఎన్ని కూతలు రానివ్వాలి?

అందరూ మొదట అడిగేది యిదే. కరెంటు కుక్కరు కూత వెయ్యదు కదా, వుడికిందని తెలిసేదెలా? మనం పప్పుకి మూడు, బియ్యానికి రెండు అని వేళ్ళ మీద లెక్కపెట్టుకునే వాళ్ళం. ఇక్కడ లెక్క నిమిషాల్లోనే. స్టవ్వు మీది కుక్కరులో ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 15 పౌన్లు. లోపలి వేడి 121 డిగ్రీల దాకా వెళుతుంది. చాలా కరెంటు కుక్కర్లలో ఒత్తిడి 10 నుంచి 12 పౌన్లే. వేడి 115 – 118 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. అందుచేత స్టవ్వు కుక్కరులో పది నిమిషాలు పట్టేదానికి యిక్కడ పన్నెండు నిమిషాలు పెట్టండి. మరొక సంగతి. మీట నొక్కగానే కాలం లెక్కలోకి రాదు. ఆవిరి పట్టి, మూత మీది చిన్న పుల్ల పైకి లేచాకనే లెక్క మొదలవుతుంది. అందుకు పది పదిహేను నిమిషాలు పడుతుంది. “అయిదు నిమిషాల సూపు” అని పుస్తకంలో చూసి, అతిథుల్ని గుమ్మంలో చూశాక మొదలుపెట్టకండి!

ఆవిరితో వండే యీ విద్య కొత్తదేమీ కాదు. 1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచివాడు లండనులో యిలాటి బిగుతు మూత పాత్ర తయారుచేసి చూపించాడు. 1682లో అక్కడి రాయల్ సొసైటీ పండితులకి దానిలో వండి విందు కూడా చేశాడు. గట్టి ఎముకలు సైతం మెత్తగా వుడికాయట.

నీళ్ళ నీళ్ళగా ఎందుకు వస్తున్నది?

“ఎంత వండినా సూపు పలచగా, రుచీ పచీ లేకుండా వస్తున్నది” అని ఒక సోదరి రాశారు. కారణాలు రెండు. పుట్టగొడుగులో పదింట తొమ్మిది వంతులు నీళ్ళే. వేడి తగలగానే అది బయటికి వచ్చేస్తుంది. రెండోది, కరెంటు కుక్కరు ఆవిరిని దాదాపు బయటికి పోనివ్వదు. స్టవ్వు కుక్కరైతే ప్రతి కూతకీ కాస్త నీరు ఎగిరిపోతుంది. కనుక మూత పెట్టకముందే ఆ నీరు యింకిపోయేలా చెయ్యాలి. వేయింపు మీట నొక్కి, ఒక చెంచా నెయ్యి లేక వెన్న వేసి, ముక్కల్ని ఎనిమిది, పది నిమిషాలు వేయించండి. ముందు నీరు వూరుతుంది, తర్వాత యింకుతుంది, ఆ తర్వాత ముక్క అంచులు ఎర్రబడతాయి. రుచి పుట్టేది అక్కడే. గిన్నె అడుగున అంటుకున్న మడ్డిని అరకప్పు నీళ్ళు పోసి చెక్క గరిటెతో పూర్తిగా గీకండి. అది అలాగే వుంటే అడుగంటి, కుక్కరు మధ్యలోనే ఆగిపోతుంది.

“అంతసేపు వుడికితే ముక్క చితికిపోదా?” అని భయపడకండి. వంకాయ లాగా, దోసకాయ లాగా పుట్టగొడుగు ముద్ద అయిపోదు. దాని గోడల్లో కైటిన్ అనే పదార్థం వున్నది. రొయ్య పెంకులో వుండేదీ అదే. అది వేడికి తొందరగా కరగదు. అందుకే ఆవిరి వంట దీనికి బాగా నప్పుతుంది.

సారం (సుమారు ఒక లీటరు)

ఎండు షీటాకే పుట్టగొడుగులు 15 గ్రాములు అరగంట గోరువెచ్చని నీళ్ళలో నాననివ్వండి. ఆ నీళ్ళు పారబొయ్యకండి. పలచని గుడ్డలో వడగట్టి వాడుకోవాలి. జపానులో ఇకెడా అనే శాస్త్రజ్ఞుడు 1908లో “ఉమామి” అని పేరుపెట్టిన కమ్మదనం యిందులో పుష్కలం. ఎండు పుట్టగొడుగుల్లోని గ్వానిలేటు అనే పదార్థం టమాటా వంటి వాటిలోని కమ్మదనాన్ని అనేక రెట్లు పెంచుతుందని తర్వాత తేలింది. కనుక రెండూ కలిపి వండడం తెలివైన పని.

బటన్ పుట్టగొడుగులు 300 గ్రాములు (కాడలతో సహా), ఒక ఉల్లిపాయ, ఒక కారట్, ఒక టమాటా, ఆరు వెల్లుల్లి రెబ్బలు, పది మిరియాలు, గుప్పెడు కొత్తిమీర కాడలు తీసుకోండి. ముక్కలు వేయించి, నానిన వాటినీ, వాటి నీళ్ళనీ చేర్చి, మొత్తం లీటరుంబావు నీళ్ళు వుండేలా పొయ్యండి. ఎక్కువ ఒత్తిడి మీద 20 నిమిషాలు. ఆపైన పావుగంట దాన్నలా వదిలెయ్యండి. తొందరపడి ఆవిరి వదిలితే పులుసు కూడా చిమ్ముకుంటూ బయటికి వస్తుంది. వడగట్టాక ఉప్పు వెయ్యండి, ముందు కాదు. ఇది మిరియాల చారుకీ, పలావుకీ, ఉప్మాకి ఎసరు పెట్టడానికీ బాగుంటుంది.

సూపు (నలుగురికి)

ఒక ఉల్లిపాయ, 300 గ్రాముల పుట్టగొడుగులు, చిక్కదనానికి ఒక చిన్న బంగాళాదుంప. పైన చెప్పినట్టు వేయించి, మూడు కప్పుల సారం పోసి అయిదు నిమిషాలు వుడకనివ్వండి. పది నిమిషాలాగి మూత తీసి, సగం మెదిపి, అప్పుడు అరకప్పు కాచిన పాలు, మిరియాల పొడి కలపండి. పాలు ముందే పోస్తే విరుగుతాయి, అడుగంటుతాయి.

ముక్కల స్ట్యూ (నలుగురికి)

బంగాళాదుంప, కారట్, బీన్సు, బఠానీ కలిపి అరకిలో, అంగుళం ముక్కలు. అల్లం, పచ్చిమిర్చి, రెండు లవంగాలు, చిన్న దాల్చిన చెక్క. పలచని కొబ్బరి పాలు రెండు కప్పులు పోసి నాలుగు నిమిషాలు వుడకనిచ్చి, అయిదు నిమిషాలాగి ఆవిరి వదలండి. విడిగా బాణలిలో ఎర్రగా వేయించిన 200 గ్రాముల పుట్టగొడుగులు, ఒక కప్పు చిక్కని కొబ్బరి పాలు కలిపి ఒక్క పొంగు రానిచ్చి దింపండి. గిన్నె ఎప్పుడూ మూడింట రెండు వంతులకి మించి నింపకూడదు.

పుట్టగొడుగుల్ని విడిగా వేయించమనడానికి కారణం వున్నది.

అత్తగారు తినరే!

“మా అత్తగారు తినరు. ముక్కలు తీసేసి ఆ సారంతోనే చారు పెడితే తెలియదు కదా?” అని ఒకామె అడిగారు. తెలియకపోవచ్చును. కాని అమ్మా, ఆ పని చెయ్యకండి. ఆవిడ తిననన్నది ముక్కని కాదు, ఆ వస్తువుని. తన కోడలు పెట్టిన విస్తరిని అనుమానించకుండా తినగలగడం ఏ రుచి కన్నా పెద్దది. ఒకసారి ఆ నమ్మకం పోతే ఏ కుక్కరూ దాన్ని మళ్ళీ వుడికించలేదు. పైన చెప్పిన స్ట్యూలో కూరగాయలు వుడకగానే ఆవిడ వాటా విడిగా తీసి, అందులో చిక్కని పాలు కలిపి ముందే పక్కన పెట్టండి. ఆ తర్వాతే పుట్టగొడుగులు కలపండి. మూతలోని రబ్బరు చుట్ట వాసన పట్టేస్తుంది. దానికి మరొకటి కొని, పాయసానికీ, ఆవిడ పప్పుకీ ఒకటి, వీటికి ఒకటి అని గుర్తుపెట్టుకోండి.

విషం ఆవిరికి పోతుందా?

ఇది అన్నిటికన్నా ముఖ్యమైనది. “తోటలో లేచిన గొడుగుల్ని కుక్కరులో బాగా వుడికిస్తే విషం విరిగిపోతుంది కదా?” అని ఇద్దరు ముగ్గురు అడిగారు. పోదు. ముమ్మాటికీ పోదు. ప్రాణాంతకమైన పుట్టగొడుగుల్లోని అమానిటిన్ అనే విషం వుడకబెట్టినా, ఎండబెట్టినా, ఎంత ఒత్తిడి పెట్టినా చెక్కుచెదరదు. వెండి చెంచా నల్లబడుతుందనీ, వెల్లుల్లి రంగు మారుతుందనీ, పురుగు కొట్టినది మనుషులకి మంచిదనీ చెప్పేవన్నీ నమ్మరాని పరీక్షలు.

ఆ విషం మోసకారిది కూడా. తిన్న వెంటనే ఏమీ కాదు. ఆరు గంటలకో, పన్నెండు గంటలకో, ఒక్కొక్కప్పుడు ఇంకా ఆలస్యంగానో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. తర్వాత ఒక రోజు తగ్గినట్టే వుంటుంది. ఆ “తగ్గిన” రోజునే లోపల కాలేయం పాడవుతూ వుంటుంది. 2022 ఏప్రిల్లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. చాలామంది తేయాకు తోటల కుటుంబాలవారే. అలవాటున్న వాళ్ళకే పొరపాటు జరిగినప్పుడు, పెరట్లో చూసి పోల్చుకోవడం మనవల్ల అయ్యే పని కాదు. కనుక పెంచి అమ్మేవే కొనండి. ఎవరైనా తెలియక తిన్నారని తెలిస్తే, బాగానే వున్నారని ఆగకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. మిగిలిన గొడుగు వుంటే అదీ వెంట తీసుకువెళ్ళండి.

కొన్నవి కూడా జిగురుగా, నల్లగా, దుర్వాసనతో వుంటే పారెయ్యండి. కాగితం సంచిలో చల్లని చోట పెట్టి రెండు మూడు రోజుల్లో వాడుకోండి. మిగిలిన సారాన్ని కుక్కరులోనే “వెచ్చగా” రాత్రంతా వుంచకుండా, రెండు గంటల లోపల చిన్న గిన్నెల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి.

ఇక “మాంసంతో సమానమా?” అన్న ప్రశ్న. కాదు. వంద గ్రాముల బటన్ పుట్టగొడుగుల్లో మాంసకృత్తులు మూడు గ్రాములే. పిల్లల పళ్ళెంలో పప్పు, పెరుగు మానిపించి వీటిని పెట్టకండి. అయితే ఒక మేలున్నది. ముక్కలు కోసి వండేముందు అరగంట మధ్యాహ్నపు ఎండలో పెడితే వాటిలో డి విటమిను తయారవుతుంది.

వచ్చే వారం వరుగుల సంగతి చెప్పుకుందాం. మీ యింట్లో ఏ కూర ఎండబెడతారో రాయండి.