డ్యూయెట్‌లో కనబడని సరస్సు

పాటలో సరస్సుకి దక్కేది ఎంత? పల్లవికి ఒక లాంగ్ షాట్, చరణంలో హీరోయిన్ పమిట వెనకాల కాస్త నీలం. ఈలోగా చీర మారుతుంది, దేశమూ మారుతుంది!

స్లొవేనియాలో బ్లెడ్ సరస్సు అలాంటి లాంగ్ షాట్ల కోసమే పుట్టినట్టుంటుంది. మధ్యలో చిన్న లంక, లంక మీద చర్చి, వెనక జూలియన్ ఆల్ప్స్. కెమేరా ఎక్కడ పెట్టినా ఫ్రేమ్ కుదురుతుంది. అందుకే అక్కడ కెమేరామన్‌కి పెద్ద పని లేదంటాను. నడిచేవాళ్ళకే ఉంది పనంతా.

చుట్టూ ఆరు కిలోమీటర్లు. గబగబా నడిస్తే గంటన్నర. దయచేసి అలా నడవకండి! పొద్దున్నే కాఫీ తాగి, గుడికి ప్రదక్షిణ చేసినట్టు నీళ్ళని కుడివైపు ఉంచుకుని బయలుదేరండి. సాయంత్రానికి తిరిగొస్తే చాలు.

ముందు మ్లినో అనే పల్లె వస్తుంది. ప్లెత్నా అనే పడవలు ఇక్కడివే. పడవవాడు వెనక నిలబడి రెండు తెడ్లూ తనే వేస్తాడు. పెట్రోలు మోటార్లకి సరస్సులో ప్రవేశం లేదు. లంకలో దిగితే చర్చికి 99 మెట్లు. పెళ్ళికొడుకు పెళ్ళికూతుర్ని ఎత్తుకుని అన్నీ ఎక్కాలట, ఆవిడ మాత్రం పైకి చేరేదాకా నోరు మెదపకూడదట. మన నిర్మాతలు గమనించాలి, డబ్బింగ్ ఖర్చు మిగులుతుంది!

మ్లినో దగ్గరే సరస్సు నీళ్ళు చిన్న వాగై బయటికి పోతాయి. అక్కడ కాసేపు ఆగండి. ఈ అందమైన సరస్సు ఒకప్పుడు చావు అంచుదాకా వెళ్ళింది. హోటళ్ళ మురుగూ, పొలాల ఎరువూ చేరి, ఎర్రటి నాచు పట్టి, అడుగున ప్రాణవాయువు లేకుండా పోయింది. మన హుస్సేన్ సాగర్ ఒడ్డున ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నవాళ్ళకి ఈ కథ వేరే చెప్పక్కర్లేదు. 1964లో రాడోవ్నా నది నుంచి చల్లటి మంచినీళ్ళు గొట్టాల్లో తెచ్చి కలిపారు. అదీ చాల్లేదు. 1980ల మొదట్లో ఇంకో ఉపాయం చేశారు. కిరసనాయిలు డబ్బాలోంచి రబ్బరు గొట్టంతో లాగుతామే, సరిగ్గా అదే! అడుగు నీళ్ళలోకి పెద్ద గొట్టం దింపారు. పంపు లేదు, కరెంటు లేదు. చెడ్డ నీరు దానంతటదే పల్లానికి పోయి సావా నదిలో కలుస్తుంది. మురుగుకి వేరే దారీ చేశారు. ఇంతా చేసినా నాచు బెడద పూర్తిగా పోలేదు, ఇప్పటికీ కనిపెట్టి చూస్తూనే ఉండాలి. పాటలో మనం చూసే ఆ నీలం వెనక ఇంత చాకిరీ ఉందన్నమాట!

పడమటి కొసన వెలికా జాకా. ప్రపంచ పడవ పందేలు 1966, 1979, 1989, 2011లో జరిగింది ఈ సరస్సులోనే. పక్కనే 611 మీటర్ల ఒయ్‌స్త్రిత్సా గుట్ట. ఎక్కడం కాస్త నిటారు, చెట్ల వేళ్ళు కాళ్ళకి అడ్డం పడతాయి. కేరేజీలో తెచ్చుకున్న పులిహోర విప్పడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. పోస్టుకార్డుల్లో కనబడే దృశ్యం మీ కాళ్ళ కింద ఉంటుంది.

దిగివచ్చాక దారి కోట కొండ కిందుగా ఊళ్ళోకి పోతుంది. ఆ కోట పేరు 1011 నాటి పత్రంలోనే ఉంది. చూడాలంటే చూడండి, నాకైతే అప్పటికి ఆకలే ముఖ్యం. ఊళ్ళో క్రెమ్‌ష్నిటా అని అడగండి. కరకరలాడే రెండు రేకుల మధ్య కస్టర్డూ, మీగడా. ఇద్దరికి ఒకటి చాలంటారు. నమ్మకండి!