తెలివి ఏ క్రోమోజోములో ఉంది?

"ఆడపిల్లకి లెక్కలు రావు", "మనవాళ్ల రక్తంలోనే చదువు లేదు" - ఈ రెండు మాటలూ చిన్నప్పట్నుంచీ వింటున్నాం. ఇప్పుడు సెల్‌ఫోన్లలో మూడోది తిరుగుతోంది: తెలివంతా తల్లి ఇచ్చే ఎక్స్ క్రోమోజోములోనే ఉంటుందట! ఇంట్లో మొదటి డిగ్రీ అందుకుని పీజీ చదువుతున్న మేము, వీటిపై సైన్సు ఏమంటుందో తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ చెప్పదలిచాం.

మనిషి కణంలో 23 జతల క్రోమోజోములుంటాయి. అందులో ఒక జత ఆడవారిలో ఎక్స్ ఎక్స్, మగవారిలో ఎక్స్ వై. తల్లి ఎప్పుడూ ఎక్స్‌నే ఇస్తుంది. బిడ్డ ఆడో మగో తేల్చేది తండ్రి ఇచ్చేదే. కాబట్టి ఆడపిల్లను కన్నదని కోడల్ని తిట్టడం బొత్తిగా అన్యాయం.

ఎక్స్, వై ఒకప్పుడు మామూలు జతే. కోట్ల ఏళ్ల పరిణామంలో వై చాలా జన్యువుల్ని పోగొట్టుకుంది. 2023లో దాన్ని పూర్తిగా చదివితే ప్రోటీన్లు తయారుచేసే జన్యువులు 106 తేలాయి. ఎక్స్‌లో ఎనిమిది వందలకు పైనే. ఎక్స్‌లో వందకు పైగా జన్యువులు చెడితే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. మగపిల్లలకు రెండో ఎక్స్ లేదు కనుక ఆ లోపాలు వారిలోనే ఎక్కువగా బయటపడతాయి. ఆ మూడో మాటకు ఆధారం ఇంతే. మోటారు చెడితే మడి ఎండుతుంది, అంతమాత్రాన పంటంతా మోటారులోనే ఉందంటామా? 2018 నాటి పెద్ద పరిశోధనలో తెలివితో సంబంధమున్న జన్యువులు వెయ్యికి పైగా, రకరకాల క్రోమోజోముల మీద కనిపించాయి. ఒక్కోదాని ప్రభావం రవ్వంతే.

ఇక రక్తం మాట. విశాఖపట్నం జిల్లాలో ఎనిమిది తెలుగు కులాల పురుషులు 265 మంది డిఎన్ఎను ఆంధ్రా విశ్వవిద్యాలయం, అమెరికా శాస్త్రవేత్తలు పరిశీలించి 2001లో ఫలితాలు ప్రచురించారు. తండ్రుల వై ఒక కథ చెప్పింది, తల్లుల వైపు డిఎన్ఎ ఇంకో కథ చెప్పింది. రెండూ వలసల గురించి, పెళ్లిళ్ల గురించి చెప్పినవే. తెలివిని అందులో ఎవరూ కొలవలేదు.

2011 జనాభా లెక్కల్లో మన విజయనగరం జిల్లా మగవారిలో సుమారు 68 శాతం, ఆడవారిలో సుమారు 50 శాతం అక్షరాస్యులు. ఆడవారికి ఎక్స్‌లు రెండు! మరి ఈ తేడా ఎక్కడిది? కొరత క్రోమోజోముది కాదు, బడిది. జూట్ మిల్లు షిఫ్టుకీ, పొలం పనికీ పోయిన మన పెద్దలు తెలివి లేక చదవలేదా?

కాబట్టి హాస్టల్లో మంచి తిండి, దీపం, లెక్కలకు ట్యూటరు అడగడం మన హక్కు. "మీ రక్తంలో లేదు" అన్నవారికి జవాబు మన మార్కుల లిస్టే కాదు, ఈ సైన్సు కూడా. నేర్చుకోండి, చెప్పండి.